పరిశోధన ఎవరి మీద?

డుంబ్రిగుడ కొండల్లో పిల్లలు బడికి రాకపోతే కారణాలు తయారుగా ఉంటాయి. తల్లిదండ్రులకు చదువు విలువ తెలీదట. సంతకు తీసుకుపోతారట. కాఫీ పళ్ళు ఏరటానికి పంపుతారట. ఈ మాటలే కాగితం మీదికెక్కితే దానికి చర్యాత్మక పరిశోధన అని పేరు! శిక్షణలో పంతుళ్ళ చేత రాయిస్తారు, బీరువాలో పెడతారు. అందరూ ఇంతే అనం. ఎక్కువ మంది ఇంతే.

ఈ పద్ధతికి పేరుపెట్టిన కర్ట్ లెవిన్ యూదుడు. 1933లో హిట్లర్ జర్మనీ వదిలి అమెరికా పోయినవాడు. 1946లో ఆయన రాసిన వ్యాసం మైనారిటీల సమస్యల మీదే. ఒక మార్పు చెయ్యి, ఏమైందో చూడు, మళ్ళీ మార్చు అన్నాడు. అంటే బడి తన పనిని తానే పరీక్షించుకోవాలి. మన దగ్గర పరీక్ష పిల్లల మీదికొచ్చింది.

ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు వాచకం ముందు మూగదైపోతుంది. పంతులు "మందబుద్ధి" అంటాడు. సంతలో అదే పిల్ల చిల్లర లెక్క తప్పదు. మరి మందబుద్ధి ఎవరిది?

సర్కారుకు తెలీక కాదు. 1940ల్లోనే ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు కుర్రాళ్ళు పంతుళ్ళయ్యారు, గోండీ వాచకాలొచ్చాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు. కువి, కొండ, ఆదివాసీ ఒడియా అందులోవే. అయితే పుస్తకం ఒక్కటీ చాలదు, ఆ మాట వచ్చిన పంతులు కావాలి. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బ ఉద్యోగం కోసం చూసే కుర్రాడికే కాదు, ఒకటో తరగతి పిల్లకూ తగులుతుంది.

పంతుళ్ళూ, పరిశోధన చెయ్యండి. వద్దనం. ప్రశ్న మార్చండి. మూడు నెలలు రోజూ మొదటి గంట ఊరి ముసలమ్మ చేత పిల్లల భాషలో కథ చెప్పించి, ఎంతమంది నోరు విప్పారో రాసుకోండి. అధికారులు కూడా తమ మీద ఒకటి చేసుకోవాలి. తనిఖీకొచ్చి రిజిస్టరే చూశారా, పిల్లల్తో మాట్లాడారా? ఏ భాషలో? మీటింగులంటూ పంతుల్ని ఎన్ని రోజులు బడికి దూరం చేశారు?

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యాల్సింది కూడా ఆ కమిటీయే. వేలిముద్ర వేయించుకుని పంపేస్తే ఊరుకోకండి. ఈసారి కమిటీ కూర్చున్నప్పుడు పంతులు రాసిన పరిశోధన తెమ్మనండి. తెలుగులో ఒకసారి, మన మాటలో ఒకసారి చదివించండి. మన పిల్లల గురించి అందులో ఏం రాశారో విందాం.