విరిగిన వెన్నుపూసకు సిమెంటు

బిందె యెత్తుటకు వంగిన వృద్ధురాలికి నడుము కలుక్కుమన్నచో, ఇంటిల్లిపాదియు దానిని బెణుకనియో వాతమనియో తలంచి, తైలము మర్దించి కాపడము పెట్టి యూరకుండుట మనకు పరిపాటి; ఎముకలు గుల్లబారిన వయస్సున ఆ స్వల్పశ్రమకే వెన్నుపూస యొకటి నలిగి కుదించుకొనిపోవుననియు, ఏటేట పెరుగు గూనికి తరచుగా ఇట్టి గుర్తింపబడని విరుగుళ్ళే హేతువులనియు ఎవరికిని తోచదు.

1984లో ఫ్రాన్సు దేశమున అమియెన్స్ పట్టణమందు గాలిబేర్, దెరామాన్ అను వైద్యులు, రక్తనాళపు గడ్డచే శిథిలమైన మెడపూస లోనికి సూదిద్వారా ఎముకల సిమెంటు నెక్కించి బాధను మాన్పిరి. తుంటికీళ్ళ శస్త్రచికిత్సలో అప్పటికే వాడుకలోనున్న ఆక్రిలిక్ పదార్థమే యది. వెర్టెబ్రోప్లాస్టీ యను నామముతో ఆ పద్ధతి పిమ్మట గుల్లబారిన ఎముకలకును వ్యాపించెను. రోగిని బోరగిల పరుండబెట్టి, ఎక్స్‌రే తెరను చూచుచు సూదిని పూసలోనికి నడపి సిమెంటు నింపుదురు. కైఫోప్లాస్టీయందు ముందుగా చిన్న బెలూను నుబ్బించి చోటు కల్పింతురు. కోత లేదు, పెక్కురు ఆనాడో మరునాడో ఇల్లు చేరుదురు.

ఇంత సులభమైన చికిత్సపై వివాదమేల? 2009లో ఏకకాలమున వెలువడిన రెండు పరిశోధనలలో, కొందరికి సిమెంటు నింపి, తక్కినవారికి నింపినట్లు నటించిరి; రెంటిలోను నమ్మకము కుదురుటకై సిమెంటు వాసన గదిలో వ్యాపించునట్లు కూడ చేసిరి. ఉపశమనము ఉభయులకును ఇంచుమించు సమానమే! అయితే అవి ఏడాది పాతబడిన విరుగుళ్ళను సైతము చేర్చుకొన్న పరిశోధనలు. ఆరు వారములు దాటని తీవ్రవేదన గలవారినే ఎంచుకొన్న 2016 నాటి ఆస్ట్రేలియా పరిశోధన సిమెంటు పక్షమున పలికెను; 2018లో డచ్చి వైద్యులు మరల భేదము లేదనిరి.

కావున నొప్పి యన్నవారి కెల్లరకు సూది గ్రుచ్చుట అనుచితమనియే నా యభిప్రాయము. అధికసంఖ్యాకులకు మందులతోడను, కొలదిపాటి విశ్రాంతితోడను, పిదప మెల్లని నడకతోడను రెండు మూడు నెలలలో నొప్పి తగ్గును. మందులు వాడినను మంచము దిగలేక, ఎమ్మారైలో పూస క్రొత్తగా విరిగినదని తేలినవారి విషయము వేరు. నెలల తరబడి పరుండుట ఎముకను మరింత క్షీణింపజేయును గనుక, సిమెంటు నాళములలోనికి కారు నపాయము కొంత యున్నను, వారికి దానిని నిరాకరించుట క్రౌర్యము.

నాకు ఆగ్రహము కలిగించునది వేరొకటి. నొప్పి తగ్గగానే రోగియు వైద్యుడును వ్యాధిని మరచుచున్నారు. సిమెంటు నిలుపునది ఒక్క పూసనే. తక్కిన యెముకలు పూర్వమువలెనే గుల్లగా నుండును. పూస విరిగిన స్త్రీలలో రమారమి అయిదుగురి కొకరికి ఏడాది తిరుగకమునుపే మరియొకటి విరుగుచున్నది. ఇంటికి పంపునపుడిచ్చు చీటీలో ఎముకల సాంద్రతపరీక్షయు, మూత్రపిండముల స్థితి ననుసరించి, ఏటికొకసారి నరమున కెక్కించు జోలెడ్రోనిక్ ఆమ్లమో, వారమునకొక పరగడుపు మాత్రయో, తగిన వేరొక మందో లేనియెడల, బంధువులు ఆ చీటీని అచ్చటనే వైద్యుని చేతికి తిరిగి యిచ్చి వ్రాయించుకొనవలెను.