ఇడ్లీలకు లెక్కుంది, వేసేవాళ్లకూ లెక్క కావాలి

గౌరవనీయులైన మునిసిపల్ కమిషనర్, టౌన్ వెండింగ్ కమిటీ అధ్యక్షుల వారి సమక్షానికి,
పట్టణంలోని టిఫిన్ బండ్లవాళ్లమంతా కలిసి సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: ఏటా మార్చి 30న, ఇడ్లీ దినోత్సవం నాడు, టిఫిన్ బండ్లవారి సర్వే, గుర్తింపు పత్రాలు, సమస్యల మీద బహిరంగ సమీక్ష జరపవలసిందిగా కోరుతూ.

అయ్యా,

మార్చి 30ని ఇడ్లీ దినోత్సవంగా ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు. చెన్నైలో ఇడ్లీలు వేసి పేరు తెచ్చుకున్న ఇనియవన్ చొరవతో 2015లో మొదలైంది. ఇప్పుడు ఆ రోజు పత్రికల్లోనూ ఫోన్లలోనూ ఇడ్లీ ముచ్చట్లే. 2023లో ఆ సందర్భంగా ఒక ఆన్‌లైన్ డెలివరీ సంస్థ తాము ఏడాదిలో 3.3 కోట్ల ప్లేట్ల ఇడ్లీ చేరవేశామని లెక్క చెప్పింది. ఎక్కువగా తెప్పించుకున్న నగరాల్లో బెంగళూరు, హైదరాబాద్, చెన్నై ముందున్నాయంది. మా వృత్తికి ఇంత ఆదరణ ఉందని విని మేమంతా సంతోషించాం. కానీ మన పట్టణంలో రోడ్డు పక్కన ఇడ్లీ వేసి బతికేవాళ్లు ఎంతమంది అని అడిగితే చెప్పడానికి ఆఫీసులో ఒక కాగితం లేదు. ఆ కాగితం కోసమే ఈ వినతి.

మా పని ముందురోజు మధ్యాహ్నం మినప్పప్పు నానబోయడంతో మొదలవుతుంది. సాయంత్రం రుబ్బి, కడిగి పిండిన రవ్వ కలిపి, రాత్రంతా పులియబెడతాం. ఎండాకాలంలో పిండి పొంగి గిన్నె దాటుతుంది. చలికాలంలో గోనెసంచి కప్పితే గానీ లేవదు. తెల్లవారుజామున మూడింటికి లేచి పల్లీలు వేయించి, చట్నీ రుబ్బి, ఐదున్నరకల్లా బండి నిలబెడతాం. మొదటి వాయి దిగేసరికి ఆటోవాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు, అడ్డా మీద కూలి కోసం నిలబడేవాళ్లు, ఆస్పత్రిలో తమవాళ్లను చేర్పించి రాత్రంతా మెలకువగా ఉన్నవాళ్లు వస్తారు. హోటళ్లు తలుపులు తీసేలోపు ఈ ఊరు మా దగ్గరే తింటుంది.

బట్టల కొట్టు ఒక పూట మూస్తే సరుకు మర్నాడూ అక్కడే ఉంటుంది. మా పిండి ఉండదు. ఎనిమిదింటికి వచ్చి బండి తీయమంటే గిన్నెలో ఉన్నదంతా నష్టమే. కిందటేడు శ్రావణమాసంలో మాలో ఒకామె బండిని నోటీసు లేకుండా లారీ ఎక్కించారు. పిండి అక్కడే కాలువలో పోశారు. పదకొండు రోజులు తిరిగితే బండి దక్కింది, ఇడ్లీ పాత్ర దక్కలేదు. ఆమెకు ఇవ్వవలసిన నోటీసు, చూపవలసిన చోటు, తిరిగివ్వవలసిన గడువు అన్నీ చట్టంలో ఉన్నాయి. ఆమె పేరే ఏ జాబితాలోనూ లేదు.

వీధి విక్రయదారుల చట్టం 2014లో వచ్చింది. ఐదేళ్లకొకసారైనా సర్వే చేయాలని, సర్వే పూర్తయి పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని అందులో రాసి ఉంది. 2020లో 10,000 రూపాయల మొదటి విడతతో మొదలైన పీఎం స్వనిధి అప్పు అందుకోవాలన్నా గుర్తింపు పత్రమో, సిఫార్సు లేఖో చూపాలి. అంటే హక్కయినా, అప్పయినా సర్వేతోనే మొదలు.

ఇందుకు ఇడ్లీ రోజే ఎందుకు అని మీరు అడగవచ్చు. వీధి వ్యాపారులకు నవంబరు 14న అంతర్జాతీయ దినం ఉంది. ఆ రోజు ఊరంతా బాలల దినోత్సవంలో ఉంటుంది, మా మాట వినపడదు. ఇడ్లీ రోజున మాత్రం జనం తామే మా వైపు చూస్తారు. పైగా మర్నాటితో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఎలాగూ పద్దులు సరిచూసే వేళ, మా పద్దు కూడా చూడమంటున్నాం.

అనధికారంగా మొదలైన రోజులకు బలం ఉంటుందని టీ తోటల కార్మికులు చూపించారు. కార్మిక సంఘాలు 2005లో డిసెంబరు 15ను టీ దినోత్సవంగా జరపడం మొదలుపెట్టాయి. 2019లో ఐక్యరాజ్య సమితి మే 21ని అంతర్జాతీయ టీ దినోత్సవంగా ప్రకటించింది. రోజు దక్కితే చాలదని చేనేత చెబుతోంది. 2015లో ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవమైంది. 2020లో అఖిల భారత చేనేత బోర్డునే రద్దు చేశారు. అందుకే మేము సన్మానాలు, శాలువాలు అడగడం లేదు. సెలవు అసలే వద్దు, ఆ రోజు కూడా మేము ఇడ్లీ వేయాలి. ఆ తేదీకి ఒక పని కట్టమని అడుగుతున్నాం.

మా కోరికలు:

1. టిఫిన్ బండ్ల సర్వే వెంటనే మొదలుపెట్టి, వచ్చే మార్చి 30 నాటికి పూర్తిచేసి, అర్హులందరికీ ఆ రోజే బహిరంగంగా గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. సర్వే సిబ్బంది ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య రావాలి. పదకొండింటికి వస్తే రోడ్డు మీద మేము కనపడం.

2. బండి పెట్టినామె పేరు మీదే పత్రం ఇవ్వాలి, ఆమె భర్త పేరు మీద కాదు.

3. టౌన్ వెండింగ్ కమిటీలో వీధి వ్యాపారులు 40 శాతానికి తగ్గకుండా, వారిలో మూడో వంతు మహిళలు ఉండేలా ఎన్నిక జరపాలి.

4. స్థలం మార్చాల్సి వస్తే చట్టం చెప్పిన 30 రోజుల నోటీసు ఇవ్వాలి. స్వాధీనం చేసుకున్న సరుకు పాడైపోయేదైతే అడిగిన రోజే, కానిదైతే రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి.

5. బండ్లు ఎక్కువగా ఉన్న చోట్ల తాగునీటి కుళాయి, చెత్తకుండీ, మహిళలకు మరుగుదొడ్డి ఏర్పాటు చేయాలి. తెల్లవారుజాము నుంచి పది దాకా నీళ్లు తాగకుండా నిలబడే ఆడవాళ్లు మాలో ఉన్నారు. కారణం మీకు వేరే చెప్పనక్కర్లేదు.

6. ఏటా మార్చి 30న ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్ని తీరాయి, ఎన్ని మిగిలాయి అన్నది మీరే చదివి వినిపించాలి.

మా వంతు మాటా ఇస్తున్నాం. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం ఇడ్లీ ఆవిరికి ప్లాస్టిక్ షీట్లు వాడడాన్ని నిషేధించింది. ఇక్కడ ఎవరూ చెప్పకముందే మేము తడి గుడ్డ మీదే వేస్తాం. వేడి చట్నీ, సాంబారు పల్చటి కవర్లలో కట్టం. ఫుట్‌పాత్ మీద మనిషి నడిచే దారి వదిలి బండి పెడతాం. పది దాటాక ఆ చోటు ఊడ్చి, కడిగి వెళతాం.

2025లో ఉగాది, ఇడ్లీ దినోత్సవం ఒకే రోజు వచ్చాయి. గుళ్లో పంచాంగం చదువుతుంటే ప్రతి రాశికీ ఆదాయమెంత, వ్యయమెంత అని చెప్పారు. మా బండ్లు కూడా ఈ ఊరి ఆదాయ వ్యయాల్లో చేరాలి. అందులో మొదటి అక్షరం మీ సర్వే కాగితం మీద పడాలి. ఆ కాగితం పట్టుకుని మీ సిబ్బంది ఏ ఉదయం వచ్చినా, మొదటి వాయి దగ్గర మేము సిద్ధంగా ఉంటాం.

ఇట్లు,
తమ విధేయులు,
పట్టణ టిఫిన్ బండ్లవాళ్లం
(సంతకాలు, వేలిముద్రలు జతచేశాము)