తోటపనితో చికిత్స: సర్టిఫికెట్ కంటే పునాది ముఖ్యం

'పి.యు.సి. పాసైన మా అమ్మాయికి మొక్కలంటే ప్రాణం. తోటపనితో రోగులకు చికిత్స చేసే కోర్సు ఉందట. డబ్బు కట్టి చేర్పించమంటారా?' అని బసవకళ్యాణ్‌లో ఒక తండ్రి అడిగారు. ఇలా అడిగే తల్లిదండ్రులందరికీ ఇదే నా సమాధానం.

చికిత్స మంచిదే. యునాని ప్రకారం ఆరోగ్యాన్ని నిలిపేవి ఆరు: గాలి, ఆహారపానీయాలు, శరీర శ్రమ-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల. వీటినే అస్బాబె సిత్తా జరూరియా అంటారు. తోటపనిలో గాలి, శ్రమ, మనశ్శాంతి మూడూ కలిసి దొరుకుతాయి. 1984లో అమెరికాలో రోజర్ ఉల్రిక్ ప్రచురించిన పరిశీలనలో, పిత్తాశయం ఆపరేషన్ తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది, ఇటుక గోడ కనిపించిన 23 మంది కంటే త్వరగా ఇంటికి వెళ్లారు. పరిశీలన చిన్నదే అయినా ఆలోచింపజేసేది. అయితే తోటపని మందులకు తోడు మాత్రమే, బదులు కాదు.

ఇక ఉద్యోగం సంగతి. అమెరికాలో 1973లో ఏర్పడిన హార్టికల్చరల్ థెరపీ సంఘం అర్హులను నమోదు చేస్తుంది. మన దేశంలో 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉంది, తోట చికిత్సకుడు అన్న పేరు లేదు. కాబట్టి కొద్ది నెలల సర్టిఫికెట్‌నే నమ్ముకుంటే బిడ్డ ఏళ్లూ, ఇంటి డబ్బూ రెండూ పోవచ్చు.

ముందు ఆక్యుపేషనల్ థెరపీ, నర్సింగ్, సైకాలజీ, బి.యు.ఎం.ఎస్.లలో ఒక డిగ్రీ చేయించండి. తోట చికిత్స దానిపై అదనపు నైపుణ్యం కావాలి. మొక్కల మీదే మక్కువ ఎక్కువైతే బీదర్‌లోనే ఉద్యాన కళాశాల ఉంది. అయితే ఆ డిగ్రీతో రోగికి చికిత్స చేసే అర్హత రాదు, వైద్య బృందంతో కలిసి పనిచేయాలి. 371-జె కింద మన ప్రాంత విద్యార్థులకు ఉన్న రిజర్వేషన్‌ను వాడుకోండి, స్థానికత సర్టిఫికెట్ ముందే తీసిపెట్టుకోండి.

కాయకమే పూజ అని శరణులు చాటిన ఊరు మనది. చేతిపని చిన్నది కాదని మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. అమ్మాయి కోరికను కొట్టిపారేయకండి. వేరు దిగనిదే కొమ్మ నిలవదని మాత్రం ఆమెకు చెప్పండి.