సాయం ఎవరి చేతికి పోతుంది?

నేను బళ్ళో చదువుకొన్నది తమిళం. తెలుగు అమ్మ దగ్గర నేర్చుకొన్నది. తప్పులుంటే మన్నించండి, విషయాన్ని మాత్రం తోసేయకండి.

పోయిన సమావేశంలో మన వరద సాయం నిధికి ఒక నిబంధన పెట్టినారు. దరఖాస్తు మీద కుటుంబ పెద్ద సంతకం ఉండాలి, డబ్బు ఆయన చేతికే ఇవ్వాలి. నేనూ నోరు మూసుకొని కూర్చున్నాను. అది నా తప్పు. ఇప్పుడు మాట్లాడుతున్నాను.

2004 డిసెంబర్ 26 మరిచిపోయినారా? సునామీ వచ్చిన కొన్ని రోజులకు మేం కొందరం పాతబట్టల మూటలతో నాగపట్నం పోయినాము. అప్పటికే రోడ్డు పక్కన బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి, తాకేవాళ్ళు లేరు. చేపలమ్మే ఒక ముసలమ్మ నన్ను అడిగింది: "తట్ట కొట్టుకొని పోయింది. తట్ట తెచ్చినావా నాయనా?" నేను తీసుకుపోయింది మా ఇంట్లో కట్టి వదిలేసిన చీరలు. ఆరోజు పడిన సిగ్గు ఈరోజుకీ పోలేదు.

కడలూరు జిల్లాలో చనిపోయిన మగవాళ్ళకు దాదాపు మూడింతలు ఆడవాళ్ళు చనిపోయినారని 2005లో ఆక్స్‌ఫామ్ లెక్క చెప్పింది. మగవాళ్ళు చాలామంది నడిసముద్రంలో ఉన్నారు. ఆడవాళ్ళు చేపల కోసం ఒడ్డున కాచుకొని ఉన్నారు, లేకపోతే ఇంట్లో పిల్లల దగ్గర ఉన్నారు. దెబ్బ ఎక్కువ తగిలింది వాళ్ళకు. మరి సాయం? ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చింది. సాయమంటే పడవ అనుకొన్నారు. పడవ మగవాడి పేరున ఉంటుంది. చేపలమ్మే ఆడవాళ్ళు, ఉప్పునీళ్ళు ఎక్కిన పొలాల్లో కూలి పోగొట్టుకొన్న దళితులు, ఇరుళర్లు లెక్కలోకి ఆలస్యంగా వచ్చినారు.

"విదేశీ సాయమంతా దండగ, మనవాళ్ళను మనం చూసుకొంటే చాలు" అంటారు కొందరు. ఒప్పుకోను. ఆ డబ్బుతో ఇళ్ళు లేచినాయి, పిల్లలు బడికి పోయినారు. తమిళనాడు ప్రభుత్వం కొత్త ఇళ్ళను భార్యాభర్తలిద్దరి పేర్ల మీద ఇవ్వాలని ఉత్తర్వు వేసింది. సరిగ్గా ఇస్తే సాయం నిలబడుతుంది. తప్పు సాయంలో లేదు, జాబితా రాసే చేతిలో ఉంది.

రైల్వేలో ముప్పై ఏళ్ళు గుమాస్తా పని చేసినాను. చార్టులో పేరు లేకపోతే బెర్తు లేదు, ఎంత ఏడ్చినా లేదు. మన సాయం చార్టు రాస్తున్నది ఎవరు? కమిటీలో పదకొండు మందిమి, అందరం మగవాళ్ళమే.

కుటుంబ పెద్ద అంటే ఎవరండీ? భర్త పోయిన ఆమె ఎవరి సంతకం తేవాలి? మొగుడు వదిలేసి పోతే ఇడ్లీ అమ్మి పిల్లల్ని చదివిస్తున్న ఆమె ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? మొగుడున్న ఇంట్లో కూడా, ఆయన చేతికిచ్చిన డబ్బు ఇల్లు చేరేలోపల బ్రాందీ షాపు దాటాలి కదా!

నేను అడిగేది మూడే. డబ్బు ఇంటి ఆడమనిషి బ్యాంకు ఖాతాలో వేయండి. జాబితా రాసే కమిటీలో సగం మంది ఆడవాళ్ళను పెట్టండి. వీధిలో తెలుగు మాట్లాడని పేదలుంటే వాళ్ళ పేర్లూ రాయండి. వరద భాష అడిగి ఇంట్లోకి రాదు.

కోపమొచ్చినవాళ్ళు వచ్చే సమావేశంలో నన్ను నిలదీయండి. ఈసారి నోరు మూసుకొని కూర్చోను.