ఒక్క నిర్ణయపు కథాక్రీడలు – అవి మన బాలబాలికలకు దగునా?

"ఆట" యను మాట చెవిని బడినతోడనే తలిదండ్రులలో ననేకులు ముఖము చిట్లించుచున్నారు. అందు వారి తప్పు లేదు. రాత్రి పదిగంటలు దాటినను చేతిలోని ఫోను విడువని కుమారుని, అన్నము చల్లారిపోవుచున్నను తెరనుండి చూపు మరల్పని కుమార్తెను నిత్యము చూచుచున్నవారికి ఆటలయెడ గౌరవ మెట్లు కలుగును? ఉపాధ్యాయులమైన మేమును మొన్నమొన్నటివఱకు నా పక్షముననే యుంటిమి. కాని యాటలన్నియు నొక్క జాతివి కావు. తుపాకులు గాని పరుగుపందెములు గాని లేక, కేవలము వాక్యములతో నిర్మింపబడి, ఐదాఱు నిమిషములలో ముగియుచు, చదువరిని ఒక్కమాఱు మాత్రమే "ఇప్పుడు నీ వేమి చేయుదువు?" అని యడుగు కథాక్రీడలు కొన్ని కలవు. వీనిని గూర్చి మా యభిప్రాయమును, వీనివలన మేము నేర్చుకొనిన దానిని ఈ సంచికలో విన్నవింప దలచితిమి.

ముందుగా వీని పుట్టుకను గూర్చి రెండు మాటలు. 1975, 1976 సంవత్సరముల ప్రాంతమున అమెరికాలో విల్ క్రౌథర్ అను కంప్యూటరు నిపుణుడు తన కుమార్తెలు ఆడుకొనుటకై యొక క్రీడను వ్రాసెను. ఆయన గుహలలో సంచరించుటయం దభిరుచి గలవాడగుటచే, కెంటకీ రాష్ట్రమందలి మామత్ గుహ నాధారముగా జేసికొనెను. అందు బొమ్మ లేవియు లేవు. నీ వెచ్చట నున్నావో, నీ యెదుట నేమి యున్నదో కంప్యూటరు మాటలతో వర్ణించును. ఆడువారు "ఉత్తరమునకు బొమ్ము", "దీపము దీసికొనుము" అన్నట్టి చిన్న యాజ్ఞలను ఇంగ్లీషున టైపు చేయుదురు. ఆ యాజ్ఞనుబట్టి కథ ముందునకు సాగును. 1977 వ సంవత్సరమున డాన్ వుడ్స్ అనునాయన దీనిని మఱింత పెంచెను. అటుపిమ్మట పుస్తకములలోను నీ పద్ధతి ప్రవేశించెను. 1979 లో వెలువడిన ఎడ్వర్డ్ ప్యాకర్డుగారి "ది కేవ్ ఆఫ్ టైమ్" అను బాలల పుస్తకమున చదువరియే దారిని గోరుకొని, దానికి దగిన పుటను దెఱచి చదువవలెను.

ఇవన్నియు పెక్కు నిర్ణయములు గలవి. ఒక దారి చెడినచో వేఱొక దారి దొరకును. అయితే తరువాతి రచయితలు కొందఱు తక్కిన నిర్ణయముల నన్నిటిని దీసివేసి, ఒక్కదానినే మిగిల్చి చూచిరి.

1999 వ సంవత్సరమున శామ్ బార్లో అను బ్రిటిషు రచయిత "ఐల్" అను క్రీడను వెలువరించెను. "ఐల్" అనగా పెద్ద యంగడిలో సరకుల వరుసల నడుమ నుండు నడవ. దినమెల్ల పనిచేసి యలసిన పురుషు డొకడు రాత్రివేళ అట్టి నడవలో, ఇటలీవారి పిండివంటకములు పేర్చియున్న చోట, నిలిచియున్నాడు. కొంచెము దూరమున నొక స్త్రీ తన త్రోపుడుబండిలో సరకులు వేసికొనుచున్నది. అంతియే. ఇక చదువరి యొక్క యాజ్ఞను మాత్రము టైపు చేయవలెను. ఆమెతో మాటాడవచ్చును, సరకు కొనవచ్చును, వెనుదిరిగి పోవచ్చును, నిలుచున్నచోటనే యేడ్వవచ్చును. ఏమి చేసినను నొక చిన్న ముగింపు వచ్చి కథ సమాప్తమగును. ఇట్టి ముగింపులు నూఱునకు పైబడి కలవు. ఒకదానియందు ఆ పురుషుడు తనకు బ్రియమైనవారిని గోల్పోయి కుమిలిపోవువాడు. వేఱొకదానియందు నిశ్చింతగా నింటికి మరలువాడు. అన్ని ముగింపులలోను ఉన్నవాడు ఒక్కడే యని తలంపరాదని క్రీడయే మొదట హెచ్చరించును.

మఱుసటి యేట, అనగా 2000 సంవత్సరమున, ఆండ్రూ పాంటియస్ అనునాయన "రీమ్యాచ్" అను క్రీడను వ్రాసెను. ఇందును ఆజ్ఞ యొక్కటియే. మిత్రులతో ఆటశాలలో నున్న నీమీదికి క్షణములో నొక మోటారుబండి గోడ నద్దములు పగులగొట్టుకొని వచ్చి పడును. తప్పించుకొను నుపాయ మొక్కటే కలదు. పలుమాఱులు విఫలుడై, ప్రతి వైఫల్యమునుండి యొక్కొక్క విషయమును గ్రహించిన పిమ్మటగాని అది తోచదు. ఒక క్రీడయందు తప్పు సమాధానమనునదే లేదు; రెండవదానియందు ఒప్పు సమాధాన మొక్కటియే. పాఠశాలలో మేము పెట్టు పరీక్షలు రెండవ జాతికి జేరినవి. బడి విడిచిన పిమ్మట మన పిల్లల కెదురగు ప్రశ్నలలో నెక్కువభాగము మొదటి జాతికి జేరినవి. ఈ భేదమును వారికి జూపు సాధనములు మన పాఠ్యగ్రంథములలో మిక్కిలి తక్కువ.

కంప్యూటరు లేని కాలమునను ఈ కళ యున్నది. 1882 వ సంవత్సరమున ఫ్రాంక్ స్టాక్టన్ అను నమెరికా రచయిత "ది లేడీ, ఆర్ ది టైగర్?" అను కథను ప్రకటించెను. రాజకుమార్తెను బ్రేమించిన యువకునికి రంగస్థలమున రెండు తలుపులు జూపబడును. ఒకదాని వెనుక వ్యాఘ్రము, వేఱొకదాని వెనుక అతడు పెండ్లాడవలసిన యింకొక స్త్రీ. రహస్య మెఱిగిన రాజకుమార్తె కుడిప్రక్కకు సంజ్ఞ చేసెను. ఆ తలుపు వెనుక నుండినదేదో చెప్పకయే రచయిత కథ ముగించెను. మనవారికి బేతాళ కథలు తెలియనివి కావు. పదునొకండవ శతాబ్దినాటి సోమదేవుని కథాసరిత్సాగరమునను అవి కలవు. చందమామ పత్రికవలన తెలుగు పిల్లలు తరతరములుగా వాని నెఱుగుదురు. బేతాళుడు కథ చెప్పి తుద కొక్క ప్రశ్న వేయును. తెలిసియు జెప్పకున్న తల పగులును. చెప్పినచో మౌనము భంగమై శవము మరల చెట్టెక్కును. అనగా సమాధానమునకును వెల కలదు, మౌనమునకును వెల కలదు. ఒక్క నిర్ణయపు కథకు ప్రాణము ఈ వెలయే యని మా యభిప్రాయము.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. "మరల మొదటినుండి యాడవచ్చును గదా! అట్టిచో నిర్ణయమునకు విలువ యేమి?" అని పెద్దలడుగవచ్చును. ఇది త్రోసివేయదగిన మాట కాదు. జెస్సీ వెన్‌బ్రుక్స్ అను రచయిత 2008 లో వెలువరించిన "ఎగ్జిక్యూషన్" అను చిన్న క్రీడ ఈ యాక్షేపణకే సమాధానమువలె నున్నది. అది వాక్యములతో నల్లిన కథ కాదు గాని నిర్ణయ మొక్కటియే గలది. స్తంభమునకు గట్టబడిన మనుష్యు డొకడు తెరపై గనబడును. తుపాకి చదువరి చేత నుండును. కాల్పవచ్చును, లేదా యాటను విడిచి పోవచ్చును. కాల్చినవాడు పశ్చాత్తాపపడి మరల మొదటినుండి తెఱచినను, ఆ మనుష్యుడు మరణించియే యుండును. అయితే ఇట్టి యుపాయము లేని క్రీడలకు నియమమును మనమే యేర్పఱచుకొనవచ్చును. దానిని దిగువ జెప్పెదము.

ఇక మా పాఠశాలలో జరిగినది వినుడు. మేమును ఉత్సాహముతో, కాగితపు చీటీలమీద, తొమ్మిదవ తరగతివారికై యొక కథను సిద్ధపఱచితిమి. బాలు డొకడు బడికి వచ్చుచుండగా దారిలో డబ్బుసంచి దొరకును. యజమానునికి మరల నిచ్చుటయా, తానే యుంచుకొనుటయా? ఇచ్చినవానికి బహుమానము, సభలో సన్మానము. ఉంచుకొనినవానికి జ్వరము, అవమానము అని రెండు ముగింపులు వ్రాసితిమి. తరగతిలోని నలుబదిమందియు నిమిషములో "ఇచ్చివేయుదుము" అనిరి. మేము సంతసించుచుండగా నొక బాలిక లేచి, "అయ్యా, ఇందు కోరుకొనుట కేమున్నది? ఒక తలుపు వెనుక లడ్డును, ఇంకొక తలుపు వెనుక బెత్తమును బెట్టితిరి" అనెను. తరగతి నవ్వెను. మేము సిగ్గుపడితిమి. ఆ బాలిక చెప్పినది సత్యము. మేము వారికి నిర్ణయ మియ్యలేదు. మా నిర్ణయమును వారిచే బలికించితిమి.

మఱువారము అదే కథను మరల వ్రాసితిమి. ఈసారి సంచిని మరల నిచ్చిన బాలుని యజమాను డనుమానించును. "ఇందు నింకొక నోటుండెను" అనును. ఉంచుకొనిన బాలుని తల్లికి మందు దొరకును, ఆమె కోలుకొనును. కాని యాతడు ఆ వీథిని నడువలేకపోవును. చీటీలు పంచగా గది నిశ్శబ్దమయ్యెను. ఇరువదియాఱుగురు ఒక దారిని, పదునలుగురు వేఱొక దారిని గోరుకొనిరి. గంట కొట్టినను వాదము ఆగలేదు. వాదించిన పిమ్మట "ఎవరు చూడకున్నను, ఎవరు మెచ్చకున్నను ఇచ్చివేయుదును" అని చెప్పిన బాలుని మాటకు, మొదటివారపు నలుబది మాటలకంటె నెక్కువ బరువున్నదని మాకు దోచెను.

అటుపిమ్మట పదవ తరగతివారిని తామే యొక్కొక్క కథను వ్రాయుడని కోరితిమి. ఒక బాలుడు తన సంగతినే వ్రాసెను. పదవ తరగతి యైన పిమ్మట ఇంటర్మీడియేటులో ఏ గ్రూపు జేరవలెనన్నది ప్రశ్న. తండ్రి కోరిక గణితశాస్త్రముతోగూడిన ఎం.పి.సి.; కుమారుని కోరిక చరిత్ర, అర్థశాస్త్రములు. అతని కథలో తన దారి యంతయు పూలు, తండ్రి దారి యంతయు ముండ్లు. అతనిని బిలిచి, "నీవును మావలెనే లడ్డును బెత్తమును బెట్టితివి. నీ దారిలోని నష్టమును, నాన్నగారి దారిలోని మేలును నిజాయితీతో వ్రాసి తెమ్ము" అంటిమి. అతడు ముఖము ముడుచుకొని వెడలెను.

పదిదినముల కతడు మరల వచ్చెను. "అయ్యా, నాన్నగారి దారిని వ్రాయుటకు నాకు జేతకాలేదు. వారి నడుగవలసి వచ్చినది" అనెను. అడుగగా దండ్రి, తానును జదువ గోరి, ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరమున రుసుము కట్టలేక మానివేసిన సంగతిని మొదటిసారిగా కుమారునికి జెప్పెనట. అంతవఱకు ఆ యింట నీ విషయమై జరిగినవి కలహములే గాని సంభాషణములు కావు. తుదకు వా రే నిర్ణయమునకు వచ్చిరన్నది వారి యింటి విషయము; దాని నిచ్చట వ్రాయము. కాని నెలల తరబడి మేము చేసిన హితబోధవలన గానిది ఒక చిన్న కథలోని రెండవ దారిని వ్రాయుటవలన నైనదని మాత్రము చెప్పక తప్పదు.

కావున మా యభిప్రాయ మిది. ఒక్క నిర్ణయపు కథను ఆడుట మంచిది. వ్రాయుట అంతకంటె మంచిది. ఆడువాడు తనకు నచ్చిన దారిని మాత్రమే నడచును. వ్రాయువాడు తాను ద్రోసివేయదలచిన దారిని గూడ నడువవలెను. అందు నివసించువారి హృదయమును దెలిసికొనవలెను. వ్యాసరచనలో నొక పక్షమును సమర్థించుట మన పిల్లలకు బాగుగ నేర్పుచున్నాము. ఎదుటి పక్షమును దానివారు మెచ్చునట్లు వ్రాయుట నేర్పుట లేదు.

ఇందులకు గొన్ని నియమములను సూచించుచున్నాము. రెండు దారులును సమానమైన నిడివితో, సమానమైన శ్రద్ధతో వ్రాయబడవలెను. ఏ దారియందైనను కొంత లాభమును, కొంత నష్టమును నుండవలెను. కథలోని పాత్రకు దెలిసియుండవలసిన విషయమును చదువరికి దాచి మోసగింపరాదు. కోరుకొనిన ముగింపును జదివిన పిమ్మట, రెండవ ముగింపును మఱునాటివఱకు దెఱవరాదు. ఆ రాత్రి తన నిర్ణయముతో దాను నుండవలెను. దీనికి యంత్రము లేకున్నను లోపము లేదు. మూడు చీటీలు చాలును. కంప్యూటరు గలవారికి క్రిస్ క్లైమస్ 2009 లో వెలువరించిన "ట్వైన్" అను సాధనము ఉచితముగా దొరకును. కంప్యూటరు భాష నేర్వనివారును దానితో దెలుగుననే యిట్టి కథలను గూర్చవచ్చును.

తలిదండ్రులకు మా మనవి యొక్కటి. మీ పిల్లలు ఇట్టి కథ నొకదానిని వ్రాసి తెచ్చినప్పుడు, "ఏది సరియైనది?" అని వెంటనే యడుగకుడు. "నీ వీ దారి నేల కోరుకొంటివి?" అని యడిగి, ప్రత్యుత్తరము ముగియువఱకు వినుడు. విద్యార్థులారా, మీకును నొక మాట. సెలవులలో నొక కథను వ్రాయుడు. మీ కెవరితో నెక్కువ భేదాభిప్రాయము కలదో వారి దారిని ముందుగా వ్రాయుడు. వ్రాయలేకపోయితిరేని, వారియొద్దకు బోయి యడుగుడు. రానున్న సంవత్సరపు సంచికలో వానిలో మంచివానిని, రెండు ముగింపులతోను, ప్రకటింప సిద్ధముగా నున్నాము.