టూరింగ్ బైక్‌కి కొత్త మీటర్ కొంటున్నారా? స్క్రీన్ సంగతి తర్వాత, ముందు ట్యాంక్ సంగతి చూడండి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తున్నా. మన్ననూరు దాటి అడవిలోకి చాలా దూరం వచ్చేశాక బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మీటర్లో పెట్రోల్ ఐదు గీతలకు మూడు గీతలు చూపిస్తోంది. బండిని అటూ ఇటూ ఊపి చూస్తే ట్యాంకులో చప్పుడే లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి కాబట్టి పాత బళ్లలోలాగా రిజర్వ్‌కి తిప్పే కాక్ కూడా లేదు. టైమ్ సాయంత్రం నాలుగున్నర. అది పులుల అభయారణ్యం, రాత్రిపూట రాకపోకలు ఆపేస్తారు. ఆ రోజు ఒక ట్రాలీ ఆటో ఆయన పుణ్యమా అని గంటన్నర తర్వాత రెండు వాటర్ బాటిళ్లలో పెట్రోల్ వచ్చింది కానీ, ఆ గంటన్నరా కోతుల్ని చూస్తూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నా.

ఎందుకంటే తప్పు బండిది కాదు. అంతకు రెండు వారాల ముందు ఆ మీటర్ కొని పెట్టించింది నేనే.

వర్షాలకి పాత మీటర్లో ఆవిరి పట్టి, చిన్న డిస్‌ప్లే సగం నల్లబడిపోయింది. కొత్తది వెతకడం మొదలుపెట్టి, ఫోన్ కొనేటప్పుడు ఏం చూస్తానో అవే చూశాను. కలర్ స్క్రీన్ ఉందా, బ్లూటూత్ ఉందా, ఐపీ67 అని రాశారా, రివ్యూల్లో ఎన్ని స్టార్లు ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. ధర రెండున్నర వేలు. ‘అన్ని బైక్‌లకీ సరిపోతుంది’ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. ఇన్నేళ్లుగా గ్యాడ్జెట్ల గురించి రాస్తున్న వాడిని కూడా ఆ ఒక్క మాట దగ్గర ఆగి, ‘ఎలా సరిపోతుంది?’ అని అడగలేదు.

అసలు జరిగింది ఇదీ. ట్యాంకులో ఒక ఫ్లోట్ ఉంటుంది. పెట్రోల్‌తో పాటు అది పైకీ కిందికీ కదిలితే, దాని వెనక ఉన్న సెన్సర్ రెసిస్టెన్స్ మారుతుంది. మీటర్ చదివేది ఆ ఓమ్‌లనే, పెట్రోల్‌ని కాదు. ఆ సెన్సర్ అన్ని బళ్లలో ఒకటే ఉండదు. తైవాన్ కంపెనీ కోసో లాంటి వాళ్ల మీటర్లలో 100, 250, 510 ఓమ్‌లు అని విడివిడిగా సెట్టింగ్ ఇచ్చేది అందుకే. తర్వాత మల్టీమీటర్ పెట్టి చూస్తే నా ట్యాంక్ ఖాళీగా ఉన్నప్పుడు 90 ఓమ్‌లు వచ్చింది. నేను కొన్న మీటర్ 250కి సెట్ అయి ఉంది. అంటే దాని లెక్కలో 90 అంటే ఇంకా సగానికి పైనే పెట్రోల్ ఉన్నట్టు. నిండా ఉంటే ఐదు గీతలు, చుక్క లేకపోయినా మూడు గీతలు. పాపం, దానికి తెలిసిన లెక్క అది కరెక్ట్‌గానే చేసింది. సెట్టింగ్ మార్చుకునే వీలు ఆ మోడల్లో లేదు.

ట్యాంక్ అలా పూర్తిగా ఖాళీ చేయడం పంపుకి కూడా మంచిది కాదు. ఇంజెక్షన్ బళ్లలో పంపు ట్యాంకులోనే ఉంటే, దాన్ని చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. సిటీలో తిరిగే బండికి ఏ మీటర్ పెట్టుకున్నా పెద్ద నష్టం లేదు, రెండు కిలోమీటర్లకో బంకు ఉంటుంది. టూరింగ్ బండికి మాత్రం మీ ట్యాంకు సెన్సర్‌ని చదవలేని మీటర్, స్క్రీన్ ఎంత బాగున్నా కొనొద్దు. ఆర్డర్ పెట్టే ముందు ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, దాదాపు ఖాళీ అయ్యాక ఒకసారి సెన్సర్ కనెక్టర్ దగ్గర ఓమ్‌లు కొలిపించండి. మెకానిక్‌కి ఐదు నిమిషాల పని.

‘ట్రిప్ మీటర్ జీరో చేసుకుని, ఇన్ని కిలోమీటర్లకి ఫుల్ కొట్టించుకుంటే సరిపోదా?’ అంటారా? సరిపోతుంది. నేనూ ఇప్పుడు అదే చేస్తున్నా. కాకపోతే ఆ కిలోమీటర్లు నిజమైనవై ఉండాలి కదా!

యూనివర్సల్ మీటర్ వేగాన్నీ దూరాన్నీ చక్రం తిరిగిన లెక్కతో కడుతుంది. డిస్క్ దగ్గర ఒక మాగ్నెట్, పక్కన ఒక సెన్సర్. ఒక చుట్టుకి ఎంత దూరమో మనం చెప్పాలి, మాగ్నెట్లు ఎన్నో కూడా చెప్పాలి. ముందు 100/90-18 టైరైతే ఒక చుట్టు సుమారు 2,000 మిల్లీమీటర్లు. నా బండికి ఉన్న 90/90-21 టైర్‌కి అది దాదాపు 2,185. ఈ బండి మీద ఆ లెక్క ఉంచేస్తే, నిజంగా 80లో వెళ్తుంటే మీటర్ 73 చూపిస్తుంది. కంపెనీ స్పీడోమీటర్లు అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి, తక్కువ మాత్రం చూపించకూడదు. ఐక్యరాజ్యసమితి 39వ నంబర్ నియమావళి కూడా అదే అంటుంది. మన చేతులతో మనం పెట్టుకున్న మీటర్ మాత్రం ఎటైనా తప్పొచ్చు. స్పీడ్ కెమెరా ముందు ‘నా మీటర్లో 73 ఉంది సార్’ అంటే ఎవరు వింటారు? దూరం విషయంలోనూ అంతే, 300 కిలోమీటర్లు వెళ్తే 275 అని చూపిస్తుంది. రెండు వందల ఎనభైకి బంకు చూసుకుందాం అనుకునే వాడికి ఆ పాతిక చిన్న తేడా కాదు.

దీనికి మందు సులువే. టైర్ మీద సుద్దతో గీత పెట్టి, మీరు బండి మీద కూర్చుని, ఇంకొకరిని నెట్టమని సరిగ్గా ఒక చుట్టు తిప్పి నేల మీద కొలవండి. కూర్చునే కొలవాలి, బరువుకి టైర్ కాస్త నొక్కుకుంటుంది. తర్వాత హైవే మీద జీపీఎస్‌తో పోల్చి చూసుకోండి. ఆ అంకె నేరుగా ఎక్కించే ఆప్షన్ లేని మీటరైతే అక్కడే వదిలేయండి.

ఇక స్క్రీన్. ఫోన్ రివ్యూల్లో నిట్స్ లెక్క తేలేదాకా ఊరుకోం కానీ, ఈ మీటర్ల పేజీల్లో చాలావరకు ఆ అంకే ఉండదు. మే నెలలో కర్నూలు హైవే మీద మిట్టమధ్యాహ్నం కలర్ స్క్రీన్ అద్దంలా మారి మన మొహం మనకే చూపిస్తుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి, కొన్ని ఎల్‌సీడీలు ఆ అద్దాల్లోంచి ఒక కోణంలో నల్లగా అయిపోతాయి. షాపులో కళ్లద్దాలతోనే చూడండి. నా ఓటు వేగానికి ముల్లుకే, మిగతా వాటికి పైన పడే ఎండతోనే కనిపించే మామూలు నలుపు-తెలుపు ఎల్‌సీడీ. పాతకాలం వాడినని అనుకున్నా ఫర్లేదు. ఐపీ67 గురించి కూడా ఒక మాట. అది మీటర్ లోపలికి దుమ్ము, నీరు పోవని చెబుతుంది. వెనక మీరు కోసి టేపు చుట్టిన వైర్లకి ఆ రేటింగ్ వర్తించదు.

‘మీటర్ ఎందుకు, ఫోన్ తగిలించుకుంటే పోలా’ అనే మిత్రులూ ఉన్నారు. 2021లో యాపిలే చెప్పింది, శక్తిమంతమైన బైక్ ఇంజిన్ల వైబ్రేషన్ హ్యాండిల్ ద్వారా అందితే ఐఫోన్ కెమెరాల్లోని స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని. మ్యాప్ కోసం పెట్టుకోవాలంటే వైబ్రేషన్ తగ్గించే మౌంట్ మీద పెట్టుకోండి. అయినా మీ ట్యాంకులో ఎంత ఉందో ఫోన్‌కి ఏం తెలుసు?

పైన చెప్పిందంతా పాత బళ్లకి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్ల విషయంలో నా సలహా వేరు, మీటర్ మార్చొద్దు. వీటిలో చాలావాటికి మీటర్ కూడా బండి నెట్‌వర్క్‌లో ఒక భాగం. ఇంజిన్ హెచ్చరిక లైటూ ఏబీఎస్ లైటూ వెలిగేది అక్కడే. బయటి మీటర్ పెడితే వేగం వస్తుంది, ఆ లైట్లు మాత్రం పోవచ్చు. ఏబీఎస్ పనిచేయడం లేదని వాన పడుతున్న ఘాట్ రోడ్డులో బ్రేక్ నొక్కాక తెలియడం ఎవరికీ వద్దు. ఒరిజినల్ ధర వింటే గుండె ఆగుతుంది, నిజమే. ముందు రిపేర్ అవుతుందేమో అడగండి.

నేను చివరికి చేసింది అదే. రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల షాపుల వాళ్లని అడుగుతూ పోతే మీటర్లు బాగుచేసే ఒక పెద్దాయన దొరికారు. పాత మీటర్ విప్పి, ఆరబెట్టి, డిస్‌ప్లే మార్చి, కొత్త సీలింగ్ వేసి ఇచ్చారు. విప్పే ముందు ఓడోమీటర్ అంకెని ఫోటో తీసుకోమన్నది కూడా ఆయనే. రేపు బండి అమ్మేటప్పుడు కిలోమీటర్లు తగ్గించాడని ఎవరైనా అంటే చూపించడానికట. ఖర్చు ఆ కలర్ మీటర్ కంటే తక్కువే అయింది. ఆ కలర్ మీటర్ ఇప్పుడు టేబుల్ సొరుగులో ఉంది, ఎవరికైనా ఇద్దామంటే ట్యాంక్ సెన్సర్ 250 ఓమ్‌లు ఉన్న బండి కావాలి.