ఒక పట్టణం, రెండు బిషప్పు పీఠాలు

ఈ నెల మిమ్మును పోలండ్ దేశపు దక్షిణ కొండల చెంత ఉన్న బ్యెల్స్కో-బ్యావా పట్టణానికి తీసుకొని వెళ్తున్నాము. నిజానికి ఇవి రెండు ఊళ్లు. నడుమ ఒక ఏరు. పడమట బ్యెల్స్కో, తూర్పున బ్యావా. 1951లో ప్రభుత్వం రెంటినీ కలిపింది గాని, రోమన్ కతోలిక సంఘానికి ఏరే ఎల్లగా మిగిలింది. పడమటివారు కతోవిత్సె బిషప్పు క్రింద, తూర్పువారు క్రాకూఫ్ ఆర్చిబిషప్పు క్రింద ఉండేవారు. 1992 మార్చి 25న పోప్ రెండవ జాన్ పాల్ కొత్త డయాసిస్ ఏర్పరచిన తరువాతనే ఊరంతా ఒక్క బిషప్పు క్రిందికి వచ్చింది. ఆయన తండ్రి పుట్టినది నేడు ఈ పట్టణంలో కలిసిపోయిన లిప్నిక్‌లోనే. డయాసిస్ పేరు బ్యెల్స్కో-జివియెత్స్. బిషప్పు పీఠం బ్యెల్స్కోలో, జివియెత్స్ ఆలయానికి సహ కథీడ్రల్ గౌరవం. పాపం, బ్యావాకు మాత్రం పేరులో చోటు దొరకలేదు!

అదే ఊరిలో లూథరన్ బిషప్పుగారి పీఠం కూడా ఉంది. ఆయన డయాసిస్‌కు మాత్రం చెషిన్ అనే వేరొక పట్టణం పేరు. ఈ చెషిన్‌ను మన సహోదరులు మరువరు. 17వ శతాబ్దంలో ఆస్ట్రియా పాలకులు వారి ఆలయాలను లాగుకొన్నప్పుడు వారు అడవి కొండలలో రహస్యంగా కూడి ఆరాధించారు. 1709లో సైలీషియా ప్రాంతమంతటికీ ఆరు ఆలయాలకే అనుమతి దొరికింది. వాటిలో ఒకటి చెషిన్‌లో కట్టారు. బ్యెల్స్కో నుండి అది ముప్పై కిలోమీటర్ల పైమాట. బండ్లమీద, కాలినడకన వెళ్లవలసినదే. ఆదివారం ఆరాధనకు ఎన్ని గంటలకు బయలుదేరేవారో మీరే ఊహించండి.

1781లో జోసెఫ్ చక్రవర్తి స్వేచ్ఛ ఇచ్చాడు గాని, అందులోనూ షరతులే! ఆలయానికి గోపురం ఉండరాదు, గంట మ్రోగరాదు, వీధివైపు వాకిలి పెట్టరాదు. అయినా 1782లో బ్యెల్స్కోవారు పని మొదలుపెట్టారు. గోపురం లేచినది 19వ శతాబ్దంలోనే. 1900లో ఆలయం ఎదుట లూథర్ విగ్రహం నిలిపారు. 1945 తరువాత జర్మను భాషవారు చాలమంది వెళ్లిపోవలసి వచ్చి సంఘం చిన్నదైపోయింది.

1995 మే 21న పోప్‌గారు యాన్ సర్కాందర్ అనే గురువును పునీతునిగా ప్రకటించగా ప్రొటెస్టెంట్లు నొచ్చుకొన్నారు. మరునాడే ఆయన ఆ గురువు పుట్టిన స్కోచూఫ్‌కు వచ్చారు. అది బ్యెల్స్కోకు దగ్గరి ఊరే. అక్కడి లూథరన్లు తమ ఆలయంలోనే ఆయనను చేర్చుకొని, ఆయనతో కలిసి ప్రార్థించారు.